సురవరము ప్రతాపరెడ్డి: పల్లె నుండి ప్రజల చరిత్రకు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న సీమను జనులు నడిగడ్డ యందురు. ఆ సీమకు చరిత్ర లేదని ఎవ్వరును అనజాలరు. ఆలంపురమందలి నవబ్రహ్మాలయములు బాదామి చాళుక్యుల నాటివి. గద్వాలకోట సోమభూపాలుని పేరు నేటికిని చెప్పుచున్నది. కృష్ణ దాటి ఆవలి యొడ్డునకు పోయినచో వనపర్తి, ఆత్మకూరు, గోపాలుపేట, జటప్రోలు సంస్థానములు కలవు. నాగరుకర్నూలు చెంతనున్న నందివడ్డెమానే పూర్వము గోనవారు పాలించిన వర్ధమానపురము. రాజుల పేర్లు, వారి దానములు, విజయములు శిలలమీద చెక్కబడి యున్నవి. కాని ఆ రాజులకు పన్ను గట్టిన రైతు ఏమి తినెను, ఏమి కట్టెను, అతని పిల్లలు ఏ యాటలాడిరి, అతని యింట పండుగ యెట్లు జరిగెను అని అడిగినచో ఆ శిలలు చాలవరకు మౌనము వహించును.

ఒక చిన్న పల్లెకు చరిత్ర కలదా యను ప్రశ్న వినుటకు సులభముగా తోచును. దానికి బదులు చెప్పుట మాత్రము సులభము కాదు. పల్లె కోట గట్టలేదు, శాసనము వేయించలేదు, ఆస్థానకవిని పోషింపలేదు. కరణముల కవిలెకట్టలలో భూముల లెక్కలు, పన్నుల లెక్కలు ఉండెడివి. వందలయేండ్లు దున్ని, కోసి, నేసి, కుండలు చేసి, పాటలు పాడి బ్రదికిన జనసమూహము చరిత్రగ్రంథములలో ప్రజలు అను ఒక్క మాటలో ఇమిడిపోయినది. ఆ యొక్క మాటను విప్పి, దానిలో నేమి యున్నదో తెలుగువారికి చూపిన మహనీయుడు ఈ నడిగడ్డలోనే జన్మించెను. ఆయనయే సురవరము ప్రతాపరెడ్డి గారు.

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28వ తేదీన బోరవెల్లి గ్రామమున జన్మించిరి. వారి స్వగ్రామము ఇటిక్యాలపాడు. ఈ రెండు గ్రామములును నేడు జోగులాంబ గద్వాల జిల్లాలో చేరియున్నవి. ఆనాడు అది గద్వాల సంస్థానపు నేల. నిజాము ప్రభువునకు కప్పము చెల్లించుచు తమ సీమను తామే యేలుకొనిన సంస్థానాధీశులలో గద్వాల వారు విద్యాపోషణకు పేరుపడినవారు. దూరదేశముల నుండి పండితులు వచ్చి, సభలలో పరీక్షలిచ్చి, సత్కారములు పొంది మరలెడివారు. అందుచేతనే ఆ యూరిని విద్వద్గద్వాల యని పిలుచుట కలదు. అయితే కోటలో శ్లోకము వినబడుచుండగా కోటకు కొన్ని క్రోసుల దూరమున నున్న పల్లెలో బడి యుండుటయే అరుదు. ఈ రెండు లోకముల నడుమ నున్న దూరమును ప్రతాపరెడ్డి గారు బాల్యముననే కన్నులార చూచియుండక తప్పదు.

చదువు కొరకు ఆయన తుంగభద్ర దాటి కర్నూలు చేరవలసి వచ్చినది. నదికి ఈ యొడ్డు నిజాము రాజ్యము, ఆ యొడ్డు బ్రిటిషువారి రాజ్యము. రెండు యొడ్డులందును మాటలాడు భాష ఒక్కటే. కాని ఆ యొడ్డున తెలుగునకు బడులు, పత్రికలు, గ్రంథమాలలు కలవు. ఈ యొడ్డున ప్రభుత్వ కార్యాలయములలో ఉర్దూ తప్ప వేరు భాష లేదు. కర్నూలులో ఆయన వెల్లాల శంకరశాస్త్రి గారి యొద్ద సంస్కృతము నభ్యసించిరి. పిదప మద్రాసులో పట్టము పొంది, న్యాయశాస్త్రమును కూడ చదివిరి. తెలుగు, సంస్కృతము, ఉర్దూ, పారసీకము, ఆంగ్లము వారికి వశమైనవి. ఇన్ని భాషలు నేర్చినవాడు మద్రాసులోనో మరియొక నగరములోనో న్యాయవాదిగా సుఖముగా కాలము గడపవచ్చును. ప్రతాపరెడ్డి గారు హైదరాబాదునకు వచ్చిరి.

అప్పటి హైదరాబాదు స్థితిని విద్యార్థులు తెలిసికొనవలెను. 1921లో వివేకవర్ధిని పాఠశాలలో జరిగిన యొక సభలో ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున మాటలాడ నారంభింపగా సభికులు కొందరు అల్లరి చేసి ఆపివేసిరి. రాజ్యమునందు అధికసంఖ్యాకులు మాటలాడు భాషకు రాజధానిలో జరిగిన మర్యాద యది. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. మరుసటి యేడు, అనగా 1922లో, నల్లగొండ నుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరుల తెలుగు పత్రికయు వెలువడినవి. ఇనుగుర్తి ఒక పల్లెటూరు. పల్లెటూరి నుండి పత్రిక నడచుట ఆనాటి పట్టుదలకు గురుతు.

హైదరాబాదులో రాజాబహద్దూరు వేంకటరామారెడ్డి గారు 1918లో రెడ్డి విద్యార్థి వసతిగృహమును స్థాపించియుండిరి. వేంకటరామారెడ్డి గారును పాలమూరు సీమవారే. వనపర్తి సంస్థానపు పల్లెలో పుట్టి రాజధానికి కొత్వాలు అయినవారు. పల్లెల నుండి వచ్చిన బాలురకు నగరమున నీడ నిచ్చిన ఆ గృహపు నిర్వహణభారమును 1920వ దశకమున ప్రతాపరెడ్డి గారు వహించిరి. అచ్చట వారు గావించిన పనులలో మిన్నయైనది గ్రంథాలయము. అనేక భాషలలోని గ్రంథములను వేలకొలదిగా సమకూర్చి, విద్యార్థులకు చదువుటయే గాక వ్రాయుటయు నేర్పిరి. తరువాతి కాలమున వారు వ్రాసిన చరిత్రకు కావలసిన సామగ్రిలో చాలభాగము ఈ పుస్తకముల నడుమనే దొరికియుండును.

1926 మే 10వ తేదీన గోలకొండ పత్రిక వెలువడినది. వారమునకు రెండుసారులు వచ్చెడి ఆ పత్రికకు ప్రతాపరెడ్డి గారే సంపాదకులు. సంపాదకుడన్న పేరేగాని, వ్రాయుట, దిద్దుట, అచ్చుపని చూచుట, చందాలు రాబట్టుట, అన్నియు వారి మీదనే పడినవి. పల్లె నుండి వచ్చిన జాబు ఆ పత్రికలో వార్త యయ్యెను. వెట్టిచాకిరి, పటేలు పట్వారీల దౌర్జన్యము, బడి లేని యూరు, నీరు లేని చెరువు; ఇట్టి సంగతులు అంతకుముందు చావడి దాటి పోయెడివి కావు. గోలకొండ పత్రిక వాటిని రాజధానికి తెచ్చెను. పల్లెయందు చదువు వచ్చిన ఒక్కడు పత్రిక చదువగా పదిమంది చుట్టును గూర్చుండి వినెడి కాలమది. తమ యూరి సంగతి అచ్చులో నున్నదని విన్న రైతునకు, తన బ్రదుకును వ్రాయదగినదేయని మొదటిసారి తెలిసెను.

1929లో నిజాము ప్రభుత్వము విధించిన 53వ గస్తీ వలన, అనుమతి లేనిదే సభ జరుపుట దుర్లభమయ్యెను. అట్టి దినములలో 1930 మార్చి నెలలో జోగిపేటయందు ప్రథమ నిజాము రాష్ట్రాంధ్ర మహాసభ జరిగినది. దానికి అధ్యక్షులుగా ప్రతాపరెడ్డి గారినే ఎన్నుకొనిరి. నాలుగేండ్లు పత్రిక నడపిన సంపాదకునకు ప్రజలు ఇచ్చిన గౌరవమది.

కొలది కాలమునకే మరియొక పరీక్ష వచ్చినది. నిజాము రాష్ట్రమందు తెలుగు కవులే లేరని ఒక విమర్శ బయలుదేరెను. దానికి ప్రతాపరెడ్డి గారు వాదముతో గాక సాక్ష్యముతో బదులు చెప్ప నిశ్చయించిరి. మూలమూలలనున్న కవులకు పత్రికాముఖమున పిలుపు నిచ్చిరి. ఊరూర నుండి పద్యములు రాసాగినవి. 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక వెలువడినది. ఆ సంచిక తరువాత ఆ విమర్శ మరల తల యెత్తలేదు. ఆ 354 మందిలో అందరును మహాకవులని యెవ్వరును అనరు. కొందరు పల్లెలో పాఠము చెప్పుకొనువారు, కొందరు పౌరోహిత్యము చేయువారు, కొందరు సేద్యము చేయువారు. వారి పేర్లును ఊర్లును ఒక గ్రంథమున నిలిచినవి. లేదని చెప్పబడినది నిజముగా లేనిదా, లేక వెదకనిదా యను విచారణ వారి జీవితమంతట కానవచ్చును. కవుల విషయమున 1934లో చేసిన పనినే పదునైదేండ్లకు పిదప వారు ప్రజలందరి విషయమునను చేసిరి.

అదియే 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. అంతకుముందు తెలుగున చరిత్రలు లేకపోలేదు. చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్రము 1910 నుండియు వెలువడ సాగినది. శాసనములను వెదకి రాజవంశముల కాలక్రమమును నిర్ణయించిన ఆ తరమువారి శ్రమ సామాన్యమైనది కాదు. ఆ పునాది లేనిచో ప్రతాపరెడ్డి గారి కట్టడము నిలువజాలదు. అయినను ఆ చరిత్రలయందు రాజు ప్రధానుడు. ఇచ్చట మాత్రము రాజుల పేర్లు కాలమును గురుతించుటకే వచ్చును. నన్నయ కాలము మొదలుకొని 20వ శతాబ్దపు తొలినాళ్ళ వరకు తెలుగువారి తిండి, బట్ట, ఇల్లు, నగ, వ్యవసాయము, వర్తకము, ఆట, పాట, నమ్మకము, పండుగ, ఇవియే ఆ గ్రంథమునకు వస్తువులు.

ఇట్టి చరిత్రకు సాక్ష్యము ఎచ్చట దొరకును? ప్రతాపరెడ్డి గారు కావ్యములను దిరుగదోడిరి. కావ్యములోని నాయికావర్ణన వారికి పనికిరాదు. కవి యథాలాపముగా చెప్పి దాటిపోయిన మాటయే పనికి వచ్చును. క్రీడాభిరామములో ఓరుగంటి వీథులలో తిరిగినవారు పూటకూటి యింట భోజనము చేయుదురు. దానినిబట్టి ఆనాడే నగరమున అన్నము వెలకు దొరికెడిదని, ఆ భోజనమున ఏమేమి వడ్డించెడివారో తెలియును. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో శ్రీశైలమునకు పోవు యాత్రికుల ఆటపాటలు కానవచ్చును. ఆముక్తమాల్యదలో ఏ ఋతువునందు ఏ భోజనము పెట్టెడివారో యున్నది. శుకసప్తతిలో పల్లెటూరి రెడ్డి యిల్లు కనబడును. హంసవింశతిలో నానావృత్తులవారి పనిముట్లు, పిల్లల యాటల పేర్లు వరుసగా నున్నవి. వేమన పద్యములలో ఆనాటి మోసములును మూఢనమ్మకములును దాగవు. విదేశయాత్రికుల వ్రాతలు, శాసనములు, చాటువులు, సామెతలు ఈ కావ్యసాక్ష్యమునకు బాసటయైనవి.

ఇందు మరియొక చిక్కు కలదు. కావ్యములలోని యాటల పేర్లు, వంటల పేర్లు, బట్టల పేర్లు పండితులకే తెలియకపోయినవి. నిఘంటువు తెరచి చూచినచో క్రీడావిశేషము, భక్ష్యవిశేషము, వస్త్రవిశేషము అని యుండును. అనగా అది యొక యాట, అది యొక తిండి, అంతకుమించి తెలియదని నిఘంటుకారుడు ఒప్పుకొనుచున్నాడన్నమాట. ప్రతాపరెడ్డి గారికి ఇట్టి యర్థములు తృప్తి నియ్యలేదు. అట్టి పదములకై వారు పల్లెజనుల వాడుకను వెదకిరి. పండితుడు మరచిన మాట పల్లెవాని నోట బ్రదికియుండుట వారు గమనించిరి. కావ్యములోని యాటను వీథిలో ఆడుకొనెడి పిల్లవాడు ఎరుగును. పాత పంటపనిముట్టు పేరు సేద్యగానికి తెలియును. ఇటిక్యాలపాడు వంటి యూరిలో పెరిగినవానికి గాక మరియొకనికి ఈ యుపాయము తట్టుట కష్టము. నగరపు గ్రంథాలయమునకును పల్లె రచ్చబండకును నడుమ ఆయన వేసిన వంతెనయే ఆ గ్రంథము.

ప్రపంచమున నితరదేశములందును ఆ కాలముననే చరిత్రకారుల చూపు సామాన్యుని వైపు తిరుగుచుండెను. ఫ్రాన్సు దేశమున 1929లో మార్క్ బ్లాక్, లూసియన్ ఫెవ్ర్ అను పండితులు ఒక పత్రిక స్థాపించి, రైతుల పొలములును, ధరలును, జీవనవిధానములును చరిత్రకు వస్తువులని చాటిరి. ఆంగ్లదేశమున ట్రెవెల్యన్ పండితుని సాంఘిక చరిత్ర 1940వ దశకమున వెలువడి విశేషప్రచారము పొందెను. వారికి విశ్వవిద్యాలయములు, రాజపత్రాగారములు, పల్లె చర్చిలలో శతాబ్దములుగా నడచిన జననమరణముల పట్టికలు అండగా నుండెను. అక్కడ నొక చిన్న పల్లె చరిత్ర వ్రాయదలచినవానికి కాగితములు దొరకును. మనకు అట్టి పట్టికలు లేవు. కాగితము లేనిచోట పద్యమును, పలుకుబడిని సాక్ష్యముగా నిలిపిన తెలివి ప్రతాపరెడ్డి గారిది.

ఆ గ్రంథమున లోపములు లేవనుట భక్తి యగును గాని విమర్శ కాదు. కావ్యములు చాలవరకు ఆస్థానములందును, అగ్రవర్ణములవారి చేతను పుట్టినవి. కావున ఊరి వెలుపలి వాడలలో బ్రదికినవారి కష్టసుఖములు వాటిలో కొలదిగానే కానవచ్చును. స్త్రీల యలంకారములు తెలిసినంతగా వారి శ్రమ తెలియదు. కవి చేసిన అతిశయోక్తికిని నిజమునకును హద్దు ఏర్పరచుట ఒక్కొక్కచోట దుష్కరము. రచయిత తన యిష్టానిష్టములను దాచుకొనువారును కారు. ఈ కొరతలను ఎత్తిచూపు విమర్శకుడును ఆయన వేసిన త్రోవనే నడువవలసియున్నది. ఈ గుంపువారి చరిత్ర ఇందులో లేదని మనము అడుగగలుగుట, ప్రజలకు చరిత్ర యుండవలెనని ఆయన నేర్పుట చేతనే గదా!

ఈ యొక్క గ్రంథమే ఆయన కృషి సర్వస్వము కాదు. హిందువుల పండుగలు, రామాయణ విశేషములు, గ్రామజన దర్పణము, ప్రజాధికారములు, మొగలాయి కథలు మొదలైన రచనలు కలవు. ఈ పేర్లను వరుసగా చదివినను ఆయన మనస్సు ఎటువైపు మొగ్గినదో తెలియగలదు. పండుగ యేల చేయుదురో చెప్పుట, గ్రామమునకు అద్దము పట్టుట, ప్రజకు తన హక్కు తెలుపుట. ఈ మూడును ఒకే ఉద్దేశమునకు కొమ్మలు.

1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసినది. పిదప జాగీరులును సంస్థానములును అంతరించినవి. 1952లో జరిగిన మొదటి సామాన్య ఎన్నికలలో ప్రతాపరెడ్డి గారు కాంగ్రెసు పక్షమున వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. ఒకనాడు సంస్థానాధీశుని ఆజ్ఞకు తలవంచిన పల్లెజనులు అప్పుడు తమ చేతులతో ఓటు వేసిరి. ఎవరి హక్కులనుగూర్చి ఆయన పుస్తకము వ్రాసిరో ఆ ప్రజలే ఆయనను సభకు పంపుట తగినదియే. కాని ఆ సభయందు ఆయన చిరకాలము ఉండలేదు. 1953 ఆగస్టు 25వ తేదీన, యేబదియేడవ యేట, పరమపదించిరి.

కేంద్ర సాహిత్య అకాడెమి 1955లో బహుమతుల నిచ్చుట ప్రారంభించినప్పుడు, తెలుగున మొదటి బహుమతి ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించినది. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేరు. తెలుగువారి తొలి అకాడెమి బహుమానము కావ్యమునకో నవలకో గాక ప్రజల తిండిబట్టల చరిత్రకు వచ్చుట గమనింపదగినది. 2025లో తెలంగాణ శాసనసభ హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టుచు చట్టము చేసినది.

విశ్వవిద్యాలయమునకు పేరు పెట్టుట గౌరవమే. అయినను ఆయన ప్రారంభించిన పని ఇంకను పల్లెలలో మిగిలియున్నది. శ్రీశైలము జలాశయము నిండినప్పుడు కృష్ణా తుంగభద్రల తీరమున అనేకగ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురమునకు తరలించి మరల కట్టిరి. దేవాలయమునకు చరిత్ర కలదని అందరును ఎరుగుదురు గనుక అది దక్కినది. దాని చుట్టునున్న పొలముల పేర్లు, బావుల పేర్లు, జాతరలో పాడిన పాటలు, మడికట్ల హద్దులను గూర్చిన కథలు తరలింపబడలేదు. వాటికిని చరిత్ర కలదని తలచినవారు తక్కువ. నీట మునుగని గ్రామములందును ఇదే నష్టము మెల్లమెల్లగా జరుగుచున్నది. మోట పోయినది, దానితో మోటపాట పోయినది. పాతరలు పూడినవి, వాటితో ధాన్యపు కొలతల పేర్లు పోవుచున్నవి.

ప్రతాపరెడ్డి గారు చూపిన పద్ధతికి ధనము అక్కరలేదు, ఓపిక కావలెను. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు జిల్లాలలోని ప్రతి పాఠశాలయు ఒక యేడు పూనుకొన్నచో తన యూరి పొలముల పేర్లను, వృత్తుల పనిముట్లను, ఆటలను, పండుగలను, వెట్టికాలపు జ్ఞాపకములను పెద్దల నోటినుండి విని వ్రాసికొనవచ్చును. కావ్యములు చెప్పని వాడల కథను ఆ వాడల పిల్లలే వ్రాయవచ్చును. ఉపాధ్యాయుడు ఆ వ్రాతలను దిద్ది, తేదీ వేసి, పాఠశాలలో భద్రపరచినచో ఆ యూరికి మొదటి చరిత్రగ్రంథము సిద్ధమగును. నూరేండ్ల పిమ్మట ఆ యూరిని గూర్చి అడిగినవానికి శిల బదులు చెప్పకపోయినను ఆ పుస్తకము బదులు చెప్పగలదు.